తమ్ముణ్ణి ఒక్కణ్ణే రైతుబజారుకు పంపాలా, వద్దా?

సీక్యాంప్ అక్క

మా తమ్మునికి 24 ఏండ్లు. డౌన్ సిండ్రోమ్, పుట్టుకతోనే బుద్ధి కాస్త నిదానం. మాది కర్నూలు, సి.క్యాంప్ దగ్గర. ఇంట్లో పనులు బాగానే చేస్తాడు. దుప్పట్లు మడత పెడతాడు, చెట్లకు నీళ్లు పోస్తాడు. ఉగ్గానికి బొరుగులు నానబెట్టిస్తే నీళ్లోడకుండా ఎంత పిండాలో అంతే పిండుతాడు, నాకు కూడా అంత బాగా రాదు. గడప దాటితే మాత్రం ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోవాల్సిందే.

రెండు నెలల నుంచి ఒక ప్రయత్నం మొదలుపెట్టినా. రైతుబజారు ఇంటికి పది నిమిషాల నడక. వాడు ముందు పోతాడు, నేను ఇరవై అడుగులు వెనక. మూడు వస్తువులు తేవాలి: ఎర్రగడ్డలు, టమోటా, కొత్తిమీర. దారిలో టీ బంకు అన్నకు, మెడికల్ షాపు ఆయనకు, బజారులో కూరగాయలు అమ్మే ఇద్దరు అక్కలకు ముందే చెప్పి పెట్టినా, కాస్త కనిపెట్టుకోండి అని.

మా నాయన ససేమిరా అంటాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనాడు. ఉద్యోగమంతా చిల్లర లెక్కపెట్టిన మనిషి, కొడుకు చేతిలో పది రూపాయలు పెట్టడు. "వాణ్ణి ఊరందరికీ చూపిస్తున్నావా? నేనున్నంత కాలం నేనే తెస్తా" అంటాడు. తర్వాత సంగతేమని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఒకటో తారీఖు సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి వాని పింఛను 6,000 ఇచ్చిపోతారు. వేలిముద్ర వానిది. నోట్లు నాయన జేబులోకి పోతాయి. వానికి ఆ నోట్లు తనవని కూడా తెలీదు. నాయన ఒక్క రూపాయి సొంతానికి వాడుకోడు, అది వేరే సంగతి. అన్నీ వాని పేరు మీదే బ్యాంకులో వేస్తాడు.

ఇట్ల నలుగురి సాయంతో బయటి పనులు నేర్పించడం సరేనా, లేక కొరివితో తల గోక్కుంటున్నానా? అనుభవం ఉన్నోళ్లు చెప్పండి.

బళ్లారి చౌరస్తా

అమ్మా, మీ నాయన మాటే నా మాట. మా వానికి ఆటిజం, ఇప్పుడు 19. మూడేండ్ల కింద మేమూ మీ మాదిరే ఉత్సాహపడినాం. రోజూ అదే టైముకు అదే బస్సు, అదే కిటికీ సీటు, రెండు నెలలు నేను పక్కన కూర్చుని నేర్పించినా. తర్వాత ఒక్కణ్ణే ఎక్కించడం మొదలుపెట్టినా. బాగానే పోయి వస్తాండె. ఒకరోజు ఆ బస్సు నిలబడేచోట వేరే బస్సు నిలబడింది. మావాడు ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు.

రాత్రి 11 గంటలకు డోన్ బస్టాండులో దొరికినాడు. ఇక్కడి నుంచి యాభై కిలోమీటర్లు. మధ్యాహ్నం నుంచి ఆ బెంచీ మీదే కూర్చున్నాడంట. ఎంతమంది చూసింటారో లెక్కేసుకోండి. ఒక్కరన్నా "ఎవరు నాయనా నువ్వు" అని అడగలేదు. తాగి పడిపోయినాడు అనుకున్నారంట. మా ఫోను నంబరు రాసిన చీటీ ఇంట్లో విప్పేసిన ప్యాంటు జేబులో ఉండె.

ఊరు చూసుకుంటుంది అంటారు. మీరు చెప్పి పెట్టింది నలుగురికి. వాడు తప్పిపోతే ఆ నలుగురు లేనిచోటే కదా తప్పిపోయేది?

ఎర్రగడ్డల అంగడి

పాతూర్లో మాది చిల్లర అంగడి. గల్లా పెట్టె ఇవతలి నుంచి నా మాట కూడా వినండి.

మా అంగడికి ఒక పాప వస్తుంది. పాప అంటున్నా గానీ ఇరవై దాటింటాయి. మొదట్లో వస్తానే నేనే చీటీ తీసుకుని, పర్సు కూడా నేనే తెరిచి, డబ్బులు తీసుకుని, సంచి కట్టి, మీద ఒక చాక్లెట్ పెట్టి పంపిస్తాంటి. పుణ్యం చేస్తున్నా అనుకుంటాంటి. ఆరు నెలలైనాక వాళ్లమ్మ వచ్చి, "అన్నా, మీ అంగడికి పంపితే మా పాపకు ఏమీ రావడం లేదు" అన్నది! నాకు ముఖాన కొట్టినట్టయింది. ఆమె అడిగింది వింటే మీరూ నవ్వుతారు. వారానికి ఒకసారి కావాలనే చిల్లర తక్కువ ఇవ్వమన్నది.

ఇరవై ఏండ్లుగా వ్యాపారం చేస్తున్నా, ఎవరికీ రూపాయి ఎగ్గొట్టలేదు. దేవుని పటం కింద కూర్చుని ఆ పిల్లకు ఐదు రూపాయలు తక్కువిచ్చినా. పోయింది. రెండో వారం పోయింది. మూడో వారమూ అంతే. నాలుగో వారం మెట్టు దిగి, ఆగి, వెనక్కొచ్చి చెయ్యి చాపింది. మాట లేదు, చెయ్యి చాపి నిలబడింది. వెనకున్న బేరగాళ్లు ఇద్దరు నామీద పడినారు, "ఏం మనిషివయ్యా, ఆ పిల్లను మోసం చేస్తావా" అని. ఏమని చెప్పేది వాళ్లకు?

చెల్లెమ్మా, నువ్వు ఆ కూరగాయల అక్కలకు "కనిపెట్టుకోండి" అని చెప్పినావు, మంచిదే. "చెయ్యి పెట్టొద్దు" అని కూడా చెప్పినావా? అది చెప్పకపోతే వాళ్లు నా మాదిరే చేస్తాంటారు.

ఆదోని జిరాక్స్

అందరూ వాని గురించే మాట్లాడుతున్నారు, వాణ్ణి అడిగినోళ్లు మాత్రం ఒక్కరూ కనపడలేదు.

నాకు సెరిబ్రల్ పాల్సీ. నడక వంకర, మాట ముద్దగా వస్తుంది. బుర్ర బాగానే పనిచేస్తుంది, టైపింగు, జిరాక్సు చేసుకుని బతుకుతున్నా. చిన్నప్పుడు మా అమ్మ, పాపం ప్రేమతోనే, వీధి వీధంతా చెప్పి పెట్టింది, మావాణ్ణి చూసుకోండి అని. నాకిప్పుడు 31. ఈనాటికీ టీ కొట్టు దగ్గర నేను ఎదురుగా నిలబడింటే పక్కనోణ్ణి అడుగుతారు, "ఈయనకేం కావాలంట?" అని. ఒకసారి చెప్పిన మాట వెనక్కి రాదక్కా.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో సమాజంలో అందరితో కలిసి బతికే హక్కుకని ఒక సెక్షనే పెట్టినారు. ఇప్పుడు మమ్మల్ని దివ్యాంగులు అంటున్నారు, ఆ దివ్యమేందో నాకైతే అర్థం కాలేదు, అది పక్కన పెట్టండి. రైలు సంగతి చూడండి. బుద్ధి ఎదగనివాళ్లకు టికెట్లో 75 శాతం దాకా రాయితీ ఉంది, తోడొచ్చేవాళ్లకు కూడా ఉంది. అయితే తోడు లేకుండా పోలేనివాళ్లకే అని రూలు. అంటే మీ తమ్ముడు ఒక్కడే పోవడం నేర్చుకున్న రోజు ఆ రాయితీ పోతుంది!

కడప బ్యాంకు మిత్ర

చిల్లర గొడవ ఎందుకండీ? 2024 ఆగస్టులో యూపీఐ సర్కిల్ అని వచ్చింది. మీ ఖాతా నుంచి ఇంకొకరికి ఖర్చు పెట్టే అనుమతి ఇవ్వొచ్చు. పూర్తి అనుమతి ఇస్తే నెలకు 15,000 దాటదు, ఒకసారికి 5,000 దాటదు. లేదంటే వాళ్లు స్కాన్ చేసిన ప్రతిసారీ మీ ఫోనుకు వస్తుంది, మీరు ఒప్పుకుంటేనే డబ్బు పోతుంది. తమ్ముడు స్కాన్ చేస్తాడు, అక్క ఇంట్లోంచి నొక్కుతుంది, సరిపోయె.

రిటైర్డ్ స్పెషల్ టీచర్

అనంతపురంలో ఒక ప్రత్యేక పాఠశాలలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ముందు బ్యాంకు మిత్రగారికి ఒక మాట. ఫోను తర్వాత నేర్పండి, మొదట నోట్లు నేర్పండి. ఇచ్చిన నోటు చేతిలోంచి పోతుంది, పోయినట్టు కంటికి కనిపిస్తుంది. ఫోనులో పోయింది వాళ్ల కంటికి కనిపించదు. అక్క ఇంట్లోంచి నొక్కుతుంటే ఖర్చు చేసేది అక్కే, తమ్ముడు కాదు.

అయితే నోట్లతోనూ ఒక చిక్కుంది. మేము రంగును బట్టి నేర్పేవాళ్లం. ఇప్పుడు 20 నోటు ఆకుపచ్చ కలిసిన పసుపు, 200 నోటు కూడా పసుపే. నా శిష్యుడొకడు టీ తాగి 200 ఇచ్చి వచ్చాడు. అప్పటినుంచి రంగు వదిలేసి పొడవు పట్టుకున్నాను. 20 నోటు పొడవు 129 మిల్లీమీటర్లు, 200 నోటు 146. పెళ్లిపత్రిక అట్టను సరిగ్గా 20 నోటంత కత్తిరించి పర్సులో పెట్టించాను. నోటును అట్ట మీద పెట్టి చూసుకోవాలి. అట్ట దాటి బయటికొస్తే అది ఇవ్వకూడదు. వెనక వరుసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

అమ్మాయీ, మీరు మూడు వస్తువులతో మొదలుపెట్టడం ఎక్కువ. పనిని ముక్కలు చేసి చివరి ముక్క నుంచి వెనక్కి రండి. మొదటి వారం బేరం, తూకం, డబ్బు అన్నీ మీరే చూసుకోండి, చిల్లర తీసుకుని పర్సులో వేసుకోవడం ఒక్కటే అతని పని. పని పూర్తయిన సంతోషం ప్రతిసారీ అతనికే దక్కుతుంది. అది వచ్చాక నోటు ఇవ్వడం. ఆ తర్వాత తూకం వేయమని అడగడం. సాయం కూడా మెల్లగా తీసేయాలి: మొదట చెయ్యి పట్టి, తర్వాత వేలితో చూపించి, తర్వాత ఒక మాటతో, ఆ తర్వాత ఏమీ లేకుండా. ఏదన్నా అడిగాక మనసులో పది దాకా లెక్కపెట్టండి. మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు మూడు దాటేవాళ్లు కాదు.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి విన్నదానికన్నా చూసింది బాగా గుర్తుంటుంది. చీటీలో రాయకుండా బొమ్మలు పెట్టండి. రైతుబజారులో ధరల బోర్డు ఉంటుంది కదా, దాని ముందు రోజూ ఒక్క నిమిషం నిలబెట్టండి.

బళ్లారి చౌరస్తాగారూ, మీ బాధ తెలుస్తోంది. ఒకటి చెబితే ఏమీ అనుకోకండి. మీరు మీవాడికి సరైన బస్సు నేర్పారు. తప్పు బస్సు ఎక్కితే ఏం చేయాలో నేర్పారా? నేనైతే దారి తప్పడం ముందు నేర్పిస్తాను. కావాలనే వేరే సందులోకి తీసుకెళ్లి ఆగిపోతాను. ఖాకీ చొక్కా ఎక్కడుంది, అంగడి ఎక్కడుంది, మెడలో కార్డు ఎలా చూపించాలి, ఇవి ముప్పై నలభై సార్లు చేయిస్తాను.

బళ్లారి చౌరస్తా

మేడమ్, మీరు చెప్పింది నిజమే, నేర్పలేదు. కానీ మీరు సాయంత్రం నాలుగైతే ఇంటికి పోయేవాళ్లు. ఆ రాత్రి డోన్ నుంచి వచ్చినాక మా ఇంటామె తలుపుకు లోపల పైన ఇంకో గడియ పెట్టించింది. మూడేండ్లైంది. ఆ గడియ తీయమని చెప్పే ధైర్యం నాకు లేదు. మావాడు ఇప్పుడు తలుపు దగ్గరికి కూడా పోడు. అది మంచిదో చెడ్డదో మీరే చెప్పండి.

కార్డు సంగతి మాత్రం రేపే చేస్తా. జేబులో కాదు, మెడలో.

ఎర్రగడ్డల అంగడి

అన్నా, పెద్ద బస్సు వద్దులే. ఒకసారి మీవాణ్ణి తీసుకుని మా అంగడికి రా. నేను చిల్లర సరిగ్గానే ఇస్తా, ఒట్టు.

సీక్యాంప్ అక్క

పదైదు రోజులైంది ఇది రాసి. ఆదోని అన్న చెప్పినాక వాణ్ణి అడిగినా, నీ గురించి ఎవరికి చెప్పాల, ఎవరికి వద్దు అని. చాలాసేపు గమ్మునున్నాడు. నేను పది లెక్కపెట్టినా, ఇరవై లెక్కపెట్టినా. తర్వాత "టీ అన్నకు చెప్పు. మందుల ఆయనకు వద్దు" అన్నాడు. ఎందుకురా అంటే తన బుగ్గ గిల్లి చూపించినాడు. మెడికల్ షాపాయన పోయినప్పుడల్లా బుగ్గ గిల్లుతాడు, నిజమే. 24 ఏండ్ల మగోణ్ణి. నాకు ఎప్పుడూ తప్పనిపించలేదు, చూడండి. ఇప్పుడు ఆ పక్క నుంచి పోవడం మానేసి ఎదురు వైపు నుంచి పోతున్నాం.

మూడు వస్తువులు మానేసి టమోటా ఒక్కటే పెట్టినాం. కూరగాయల అక్క మొదటి రెండు రోజులు వాని చేతిలోంచి సంచి లాక్కుంది. చెయ్యి పెట్టొద్దక్కా అని చెప్తే "అయ్యో పాపం కదమ్మా" అన్నది. ఇప్పుడు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఆమెకు అదెంత కష్టమో ముఖం చూస్తే తెలుస్తుంది.

నిన్న ఇంకొకటి బయటపడింది. వాని వెనక నేను ఇరవై అడుగుల్లో పోతుంటే, నా వెనక ఇంకో ఇరవై అడుగుల్లో మా నాయన, తలకు తువ్వాలు చుట్టుకుని! ఎన్నాళ్ల నుంచి వస్తున్నాడో అడగలేదు. ఇంటికొచ్చినాక వాణ్ణి ముందర కూర్చోబెట్టుకుని, రూపాయి బిళ్లలు, రెండు రూపాయల బిళ్లలు చాప మీద పోసి, "ఇట్ల కాదురా, బొటనవేలుతో జరుపుకుంటా లెక్కపెట్టాల" అని కండక్టర్లు లెక్కపెట్టినట్టు చూపిస్తాండె. నాతో మాత్రం ఇంకా మాట్లాడలేదు. పింఛను విషయం కూడా కదిలించలేదు, ఒకటో తారీఖు రానీ.

బళ్లారి చౌరస్తా

సంతోషం అమ్మా. బస్సు మాత్రం ఎక్కించొద్దు.

ఆదోని జిరాక్స్

బస్సు సంగతి వాణ్ణి అడిగినావా అక్కా?

సీక్యాంప్ అక్క

ఇప్పుడే అడిగినా. "నాయన బస్సా?" అన్నాడు. లోపల నాయన దగ్గినాడు. ఆదివారం మళ్లీ అడుగుతా.