శరణార్థుల మీద వచ్చిన ప్రయోగాత్మక కళ గురించి కాస్త సాయం కావాలి

అందరికీ నమస్తే. ఫైన్ ఆర్ట్స్ పీజీ చేస్తున్నాను, శరణార్థులను ప్రయోగాత్మక కళ ఎలా చూపిస్తోందన్న దాని మీద సెమినార్ పేపర్ రాయాలి. ఒకచోట ఆగిపోయాను.

2015 ఏప్రిల్‌లో లిబియా నుంచి ఇటలీ వైపు వస్తూ ఒక చేపల పడవ మునిగి వందల మంది చనిపోయారు కదా, ఆ పడవనే స్విస్ కళాకారుడు క్రిస్టోఫ్ బ్యూకెల్ 2019లో వెనిస్ బియనాలేకి (రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన) తెచ్చి పెట్టాడు. పక్కన వివరం చెప్పే బోర్డు లేదు, దగ్గర్లోనే కాఫీ షాపు, జనం దాని ముందు సెల్ఫీలు దిగారని చదివాక నాకు రెండు రోజులు మనసు బాగాలేదు. అది సమాధి లాంటిది. చైనా కళాకారుడు అయ్ వెయ్‌వెయ్ 2016లో గ్రీసులోని లెస్బోస్ దీవి నుంచి తెచ్చిన, శరణార్థులు వదిలేసిన 14,000 లైఫ్ జాకెట్లను బెర్లిన్ కచేరీ హాలు స్తంభాలకు కట్టాడు, అది మాత్రం నాకు నచ్చింది, ఎందుకంటే ఒక్కో జాకెట్ వెనక ఒక మనిషి కనబడతాడు. ఫోటోగ్రాఫర్ రిచర్డ్ మోస్ శరణార్థులను సైన్యం వాడే థర్మల్ కెమెరాతో (ఒంటి వేడిని బట్టి బొమ్మ చూపించేది) తీశాడు, అందులో ముఖాలు గుర్తుపట్టలేం. అది వాళ్ల గౌరవం కాపాడటమా, మనిషిని ఒట్టి వేడి మచ్చగా మార్చడమా? ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

వెనిస్‌లో ఆ పడవను కళ్లారా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే అక్కడ ఏమనిపించిందో చెప్పండి. శరణార్థులే స్వయంగా చేసిన ఇన్‌స్టలేషన్లు (వస్తువులను ఒకచోట అమర్చి చేసే కళ), వీడియోలు తెలిస్తే పేర్లు చెప్పండి, నాకు దొరుకుతున్నవన్నీ బయటివాళ్లు చేసినవే. వచ్చే వారమే సబ్మిట్ చేయాలి, చాలా టెన్షన్‌గా ఉంది.