కళాసాధనలో నిజంగా నిలిచే నియమాలు ఏవి?

ప్రశ్న:
నేను ఉద్యోగం చేసుకుంటూ బొమ్మలు వేస్తుంటాను. కళను వదిలిపెట్టకుండా నిలుపుకోవడానికి నాకంటూ కొన్ని నియమాలు రాసుకుందామని కూర్చుంటే, "ధైర్యంగా ఉండాలి", "మనసు చెప్పినట్టు నడవాలి" వంటివే వస్తున్నాయి. చదవడానికి అవి బాగానే ఉంటాయి గానీ, అలసిపోయి ఇంటికి చేరిన సాయంత్రం చేత కుంచె పట్టించవు. చాలాకాలంగా సాధనలో ఉన్నవారు నిజంగా పాటించే నియమాలు ఏమిటో చెప్పగలరా?

సమాధానం 1:
ధైర్యంగా ఉన్నామో లేదో రోజు చివర తేల్చుకోలేము. పూర్తయ్యేదాకా బొమ్మను ఎవరికీ చూపకూడదన్న నియమాన్ని పాటించామో లేదో తేల్చుకోగలము. అందుకే గుణాన్ని కాక పనిని చెప్పే నియమం రాసుకోండి. నా మట్టుకు అన్నిటికంటే ఉపయోగపడింది వస్తువును పరిమితం చేసుకోవడం. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే 1890-91 ప్రాంతంలో గడ్డివాములనే తీసుకుని, వేర్వేరు వేళల్లో, వేర్వేరు ఋతువుల్లో సుమారు 25 చిత్రాలు వేశారు. ఏమి వేయాలన్నది ముందే తేలిపోయింది గనుక చూపంతా మారుతున్న వెలుగు మీదే నిలిచింది. తీరిక తక్కువగా ఉన్నవారికి ఇది మరీ అవసరం, ఎందుకంటే దొరికిన గంట కాస్తా ఏది వేయాలన్న మీమాంసకే ఖర్చయితే మిగిలేది విసుగే. ఒకే వస్తువును పదేపదే వేస్తే ఊహాశక్తి లేదనేవారు ఎలాగూ ఉంటారు, పట్టించుకోకండి.

సమాధానం 2:
జీవిక గురించి ఒక మాట కలుపుతాను. రచయిత ఫ్రాంజ్ కాఫ్కా 1908 నుంచి 1922 దాకా ప్రాగ్‌లోని కార్మిక ప్రమాద బీమా సంస్థలో పనిచేస్తూ, ఎక్కువగా రాత్రివేళల్లో రాసుకున్నారు. ఉద్యోగం తన రచనకు అడ్డుపడుతోందని డైరీల్లోనూ ఉత్తరాల్లోనూ వాపోయారు కూడా, కాబట్టి అది సుఖమైన ఏర్పాటని నేననడం లేదు. అయితే అమ్ముడుపోయేలా రాయవలసిన అగత్యం ఆయనకు కలగలేదు. ఇంటి ఖర్చుల భారాన్ని ప్రతి బొమ్మ మీదా మోపకూడదన్నది నా నియమం. కళతోనే బతికేవారు సైతం, అడిగినవారి కోసం చేసేది, తమ కోసం చేసేది విడివిడిగా ఉంచుకోగలిగితే మంచిది.

సమాధానం 3:
పై ఇద్దరితో కొంత విభేదిస్తాను. ఏ నియమానికైనా గడువు ఉండాలి. 1941లో జరిగిన పెద్ద శస్త్రచికిత్స తరువాత, నిలబడి చిత్రించడం కష్టమైన ఫ్రెంచి చిత్రకారుడు ఆన్రీ మతీస్, రంగు పూసిన కాగితాలను కత్తెరతో కత్తిరించి కూర్చే పద్ధతిని ప్రధానంగా చేసుకున్నారు. కుంచె పట్టడమే తన నియమమని భీష్మించుకుంటే ఆ పని జరిగేది కాదు. పరికరం, వేళ, వస్తువు మారవచ్చు. నేనైతే ఆరునెలలకోసారి నా నియమాలను తిరగరాసుకుంటాను. వాటిలో సగం కేవలం అలవాట్లేనని అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఒకే వస్తువుతో మూడు నెలలు పనిచేసి చూస్తాను. ఒక్కటి మాత్రం తేలలేదు: పూర్తికాని బొమ్మను చూపకూడదంటే, మధ్యలో చిక్కుపడినప్పుడు సలహా ఎలా తీసుకోవాలి?

సమాధానం 1:
నీడ తేలిపోతోందా, కూర్పు ఒక పక్కకు ఒరిగిందా వంటి స్పష్టమైన ప్రశ్న ఉన్నప్పుడు, ఆ పని తెలిసిన ఒక్కరికి చూపండి. "ఎలా ఉంది?" అని అడగడానికే అయితే ఆగండి.