అప్‌డేట్: పాపకు అన్నీ ఆర్గానిక్‌వే పెట్టాలా అని అడిగాను కదా

రెండు నెలల క్రితం అడిగాను. మా నాలుగేళ్ల పాపకు మాటిమాటికీ జలుబు, నీరసం, అన్నం సరిగ్గా తినదు, ఇంట్లో సరుకులన్నీ ఆర్గానిక్‌కి మార్చేస్తే తగ్గుతుందా అని. ముందు రక్తపరీక్ష చేయించమన్నవాళ్లందరికీ దండాలు.

హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఈ వయసుకి కనీసం 11 ఉండాలి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డాక్టరుగారు ఐరన్ సిరప్, నులిపురుగుల మందు రాసి, పాలు ఎన్నిసార్లు పడుతున్నారని అడిగారు. అన్నం తినట్లేదని నేను రోజూ నాలుగైదు గ్లాసులు తాగించేదాన్ని, అవీ ఖరీదైన ఆర్గానిక్ పాలే, దాంతో కడుపు నిండిపోయి ఇంకేదీ ముట్టేది కాదు. పాలలో ఐరన్ చాలా తక్కువ, పైగా వేరే తిండిలోని ఐరన్‌ని కూడా ఒంటికి పట్టనివ్వవట. ఇది నాకు అస్సలు తెలీదు.

ఇప్పుడు రెండు గ్లాసులే. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుతున్నాను, సి విటమిన్ ఉంటే ఆకుకూరల్లోని ఐరన్ బాగా పడుతుంది. రోజూ ఒక గుడ్డు. మొన్నటి పరీక్షలో 10.8! తనే అన్నం అడుగుతోంది.

ఆర్గానిక్ పూర్తిగా మానలేదండీ, పురుగుమందుల భయం నాకింకా ఉంది, అందుకే ఆకుకూరలు మాత్రం ప్రకృతి వ్యవసాయం చేసే రైతు దగ్గరే కొంటున్నాను. ప్యాకెట్ అయితే ఆర్గానిక్ అని ధ్రువీకరించిన సరుకులపై ఉండే జైవిక్ భారత్ గుర్తు చూస్తున్నాను. ఇదివరకు ఒక షాపులో ఆ గుర్తే లేని కందిపప్పుకు రెట్టింపు ధర పెట్టాను, ఆ కోపం ఇంకా పోలేదు.

సిరప్ ఇంకో రెండు నెలలు వాడమన్నారు.