వెర్షన్‌కో పేజీనా, అన్నిటికీ ఒకటే పేజీనా?

రాత్రిషిఫ్ట్:
మా టీమ్ వికీలో రిలీజ్ అయిన ప్రతిసారీ పేజీలన్నీ కాపీ కొట్టి, పేరు చివర కొత్త వెర్షన్ నంబరు తగిలిస్తారు. "ఇన్‌స్టాలేషన్" పేరుతోనే ఇప్పుడు నాలుగు పేజీలున్నాయి. పోయిన వారం 3.2 పేజీలో పోర్టు నంబరు తప్పుంటే దిద్దాను. అదే తప్పు మిగతా మూడింటిలో అలాగే ఉంది, కస్టమర్ చూసింది వాటిలో ఒకటి. రాత్రి రెండింటికి ఫోన్! ఒకటే పేజీ పెట్టుకుని, తేడా ఉన్నచోట "3.2 నుంచి" అని రాసుకుంటే చాలదా?

గోదారిగట్టు:
చాలు. వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్ మీడియావికీ ఉంది కదా, దాని మాన్యువల్ చూడండి. ఒక్కో సెట్టింగుకి ఒక్కో పేజీ, పక్కన చిన్న పెట్టెలో అది ఏ వెర్షన్‌లో వచ్చింది, ఏ వెర్షన్‌లో తీసేశారు అని ఉంటుంది. కాపీలు పెంచుకుంటూ పోతే అటక మీద సామానే, దించి చూస్తేగానీ ఏది పనికొస్తుందో తెలియదు.

డీబీఏబాబాయ్:
సెట్టింగుకి సరే. పద్ధతే మారిపోతే? పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వెర్షన్ 11 వరకూ స్టాండ్‌బై (అసలు సర్వర్ పడిపోతే అందుకునే నకలు సర్వర్) సెట్టింగులు రికవరీ.కాన్ఫ్ అనే ఫైల్లో రాసేవాళ్లం. 2019లో 12 వచ్చాక అవన్నీ అసలు కాన్ఫిగ్ ఫైల్లోకి వెళ్లిపోయాయి, విడిగా స్టాండ్‌బై.సిగ్నల్ అని ఖాళీ ఫైలొకటి పెట్టాలి. పాత ఫైలు కనబడిందా, సర్వర్ లేవనే లేవదు. రెండూ ఒకే పేజీలో కలిపి రాస్తే, టెన్షన్‌లో ఉన్నవాడు సగం అదీ సగం ఇదీ చేస్తాడు. నేను చేశాను కాబట్టే చెబుతున్నా. పోస్ట్‌గ్రెస్ వాళ్లయితే వెర్షన్‌కో పేజీ పెట్టి, పైన మిగతా వెర్షన్ల లింకులిస్తారు.

గోదారిగట్టు:
బాబాయ్ గారూ, వాళ్ల డాక్యుమెంట్లు వికీలో లేవు కదా! కోడ్‌తో పాటే గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్), వెర్షన్‌కో బ్రాంచ్‌లో, అంటే విడి శాఖలో ఉంటాయి. ఒక దిద్దుబాటుని పాత బ్రాంచ్‌లకీ ఎక్కించగలరు. వికీ హిస్టరీలో పేజీ ఎప్పుడు మారిందో తెలుస్తుంది గానీ, ఏ రిలీజ్‌కి పనికొస్తుందో ఎలా తెలుస్తుంది?

రాత్రిషిఫ్ట్:
గిట్ మా దగ్గర కుదరదండి. తప్పులు పట్టేది సపోర్ట్ వాళ్లు. ఎడిట్ బటన్ ఉంటే అప్పటికప్పుడు దిద్దేస్తారు. గిట్‌లో పుల్ రిక్వెస్ట్ (మార్పు చూసి కలపమనే అభ్యర్థన) పెట్టమంటే వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క రాసి ఊరుకుంటారు.

డీబీఏబాబాయ్:
అదీ నిజమే. అయితే సపోర్ట్‌లో ఉన్న వెర్షన్లన్నిటికీ ఒకటే పేజీ పెట్టు. పద్ధతి మొత్తం మారినచోట మాత్రం విడదీసి, ఏ వెర్షన్లకో పైనే రాయి. సపోర్ట్ ఆగిపోయినదాన్ని ఒక్కసారి కాపీ తీసి తాళం వేసెయ్.

గోదారిగట్టు:
దీనికి నేనూ ఒప్పుకుంటా. తాళం వేసిన పేజీలు సెర్చ్‌లో మాత్రం రానివ్వకండి.

రాత్రిషిఫ్ట్:
నాలుగు ఇన్‌స్టాలేషన్ పేజీలూ పక్కపక్కన పెట్టి చూశాను. మొత్తానికి తేడా ఆరు లైన్లే. అందులో రెండు స్పెల్లింగ్ తప్పులు.