విత్తనాల పరిశోధన ఎవరు నడపాలి?

ప్రశ్న (పల్నాడు రైతు): మాది సత్తెనపల్లి దగ్గర. నిరుడు మా చేలో పండిన బీపీటీ 5204 (సాంబమసూరి) వరి గింజలే ఈసారీ నారు పోశాం. పత్తికి మాత్రం ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. పరిశోధనంతా కంపెనీలకే వదిలేయాలంటాడు మా బావమరిది. మీరేమంటారు?

అగ్రికల్చర్ బీఎస్సీ: బీపీటీ అంటేనే బాపట్ల అండీ, 1986లో వచ్చిన సర్కారు వంగడం. ఎండాకు తెగులొస్తే ఆకు కొసల నుంచి ఎండుగడ్డిలా అయిపోయేది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే కేంద్ర ప్రభుత్వ జీవశాస్త్ర పరిశోధన సంస్థ, వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులు చేర్చి 2008లో మెరుగైన సాంబమసూరి ఇచ్చాయి. రైతు దాచుకునే గింజ మీద ఏ కంపెనీ ఇన్నేళ్లు కూర్చుంటుంది?

పత్తి చేను: కంపెనీలనూ తీసిపారేయకండి. 2002లో కాయతొలుచు పురుగును చంపే జన్యువున్న బీటీ పత్తి తెచ్చింది వాళ్లే. మా నాన్నకు వారం వారం మందు కొట్టే బాధ తప్పింది. తర్వాత గులాబీ రంగు కాయతొలుచు పురుగు దానికీ అలవాటు పడిందనుకోండి, అది వేరే గొడవ.

పల్నాడు రైతు: బావమరిదికి చూపించా. "అయితే పత్తికీ దాచుకునే విత్తనం ఇమ్మను మీ సర్కారుని" అన్నాడు. నాగ్‌పూర్ పత్తి సంస్థ బీటీ సూటి రకాలు (హైబ్రిడ్ కానివి, గింజ దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు) తెచ్చిందిగా అని విత్తనాల కొట్లో అడిగా. ఆ పేరే వినలేదన్నాడు కొట్టతను.