సెంట్రల్ లైన్‌కు ముందు బెటాడిన్ చాలదా?

మత్తు వైద్యుడు: పెద్ద రక్తనాళంలోకి గొట్టం, అంటే సెంట్రల్ లైన్, వేసేముందు చర్మంపై మా ఐసీయూలో ఇంకా బెటాడినే (పోవిడోన్ అయోడిన్) పూస్తున్నారు. ఫ్రాన్సులోని 11 ఐసీయూలలో, 2,500 మందికి పైగా రోగులపై చేసిన 'క్లీన్' అనే అధ్యయనం 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. క్రిములను చంపే మరో మందు క్లోర్‌హెక్సిడిన్ కలిసిన ఆల్కహాల్ పూస్తే వెయ్యి కాథెటర్ రోజులకు (గొట్టం ఒంట్లో ఉన్న ఒక్కో రోజూ ఒక కాథెటర్ రోజు) 0.28 ఇన్ఫెక్షన్లు, పోవిడోన్ అయోడిన్ కలిసిన ఆల్కహాల్ పూస్తే 1.77. ఇంకా చర్చ దేనికి?

ఐసీయూ సిస్టర్: చర్చ ఉంది. అక్కడ రెండింటిలోనూ ఆల్కహాల్ ఉంది. మన సీసాలో ఉన్నది నీళ్లలో కలిపిన బెటాడిన్. ఆ పోలిక మనకెలా సరిపోతుంది?

మత్తు వైద్యుడు: అయితే మీ వాదన ఇంకా బలహీనం. ఆల్కహాల్ తోడున్నా అయోడిన్ వెనకబడింది. క్లోర్‌హెక్సిడిన్‌ను నీళ్లలోనే కలిపి పోల్చిన 1991 నాటి అధ్యయనంలోనూ నూరు కాథెటర్లకు 2.3 ఇన్ఫెక్షన్లే, బెటాడిన్‌కు 9.3.

పిల్లల వార్డు: నెలలు నిండని పసికందుల చర్మం క్లోర్‌హెక్సిడిన్‌కు కాలిపోవచ్చు. పెద్దల లెక్క వాళ్లకు వేయకండి.

ఐసీయూ సిస్టర్: బెటాడిన్ పూస్తే గోధుమరంగు కనిపిస్తుంది. ఎక్కడ వదిలేశామో కంటికి తెలుస్తుంది. రంగు లేని మందుతో ఆ ధీమా ఉండదు. పైగా క్లోర్‌హెక్సిడిన్ పూసిన కాసేపటికే ఒకాయనకు ఒళ్లంతా దద్దుర్లు లేచి బీపీ పడిపోయింది. పూసింది నేను. సంజాయిషీ రాసిందీ నేనే.

మత్తు వైద్యుడు: అలాంటి అలర్జీ అరుదు. ఒక్క రోగిని చూసి వందమందికి మంచి మందు మానేస్తామా?

డయాలసిస్ కుటుంబం: మా నాన్నగారికి మెడ దగ్గర లైన్ వేసిన వారానికి వణుకుతో జ్వరం వచ్చింది. అద్దంలోంచి చూశాను. మందు పూసి, తడి ఆరకముందే గాజుగుడ్డతో తుడిచేశారు.

మత్తు వైద్యుడు: అది మందు తప్పు కాదు. పూసిన చేతి తప్పు.

ఐసీయూ సిస్టర్: చేతి తప్పా! బెటాడిన్ రెండు నిమిషాలు ఆరాలని ప్రతిసారీ చెప్పేది మేమే. గ్లౌజులు తొడుక్కుని "త్వరగా కానివ్వండి సిస్టర్" అనేది ఎవరు? అమెరికాలోని మిషిగన్ ఐసీయూలలో ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయని 2006లో ప్రచురించారు. అక్కడ పాటించిన ఐదు పనుల్లో క్లోర్‌హెక్సిడిన్ ఒకటి మాత్రమే. వరస తప్పితే డాక్టరునైనా ఆపే అధికారం అక్కడి నర్సులకు ఇచ్చారు. నాకు ఇవ్వండి, మీరు చెప్పిన సీసాయే తెరుస్తాను.

మత్తు వైద్యుడు: ఆపే అధికారం మీకు ఉండాల్సిందే. నేనూ తొందరపెట్టిన రోజులున్నాయి. అందుకే అంటున్నాను, ఆల్కహాల్ కలిసిన మందు త్వరగా ఆరుతుంది. ముందు సీసా మార్చండి.

ఐసీయూ సిస్టర్: ముందు అధికారం.

డయాలసిస్ కుటుంబం: ఎల్లుండి నాన్నగారికి కొత్త లైన్ వేస్తారు. మమ్మల్ని లోపలికి రానివ్వరు. ఎవరిని అడగాలి?

ఐసీయూ సిస్టర్: ట్రే సర్దే సిస్టర్‌ను అడగండి బాబూ. పూసిన మందు దానంతట అదే ఆరేదాకా సూది దించనివ్వవద్దని చెప్పండి. మందు పడక ఎప్పుడైనా దద్దుర్లు వచ్చి ఉంటే అదీ ముందే చెప్పండి.