మిల్లు షెడ్డులో పాడైపోయిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్: బాగుచేత ఎక్కడ మొదలుపెట్టాలి?

రాజోలు వాసి:

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారు మద్రాసులో ఉద్యోగం చేసిన రోజుల్లో, స్వదేశానికి తిరిగి వెళ్ళిపోతున్న ఒక విదేశీయుని దగ్గర కొన్న 1968 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 (రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) రాజోలు దగ్గర మా పాత రైసుమిల్లు షెడ్డులో ఉంది. 1996 నవంబరు తుఫానుకు షెడ్డు పైరేకులు లేచిపోయినప్పుడు దాని మీద టార్పాలిన్ కప్పి ఓ మూలకు నెట్టారు. ఆ తరువాత దానిని నడిపినవారు లేరు. పెదనాన్నగారు కాలం చేశాక, "నువ్వైతే బాగు చేయిస్తావు" అంటూ పెద్దమ్మగారు తాళాలు నా చేతికి ఇచ్చారు. ఆమె నమ్మకాన్ని నిలబెట్టాలని నాకు గట్టిగా ఉంది.

బండి పరిస్థితి ఉన్నదున్నట్టుగా చెబుతాను. గుడ్డ టాపు పూర్తిగా చీకిపోయింది. సీట్లలో ఎలుకలు గూళ్ళు పెట్టాయి. డ్రైవరు కాళ్ళ దగ్గర నేలరేకు వేలితో నొక్కితే లోపలికి దిగుతోంది. తలుపుల కింద ఉండే సిల్ డబ్బాలు పైకి బాగానే కనిపిస్తున్నాయి గానీ, స్క్రూడ్రైవరు పిడితో తట్టితే లోపల తుప్పు పొట్టు జలజలా రాలుతున్న చప్పుడు వస్తోంది. డ్రైవరు వైపు తలుపు వేసేటప్పుడు పైమూల వెనక స్తంభానికి రాసుకుంటోంది. ఇంజను, దానికి గాలీ పెట్రోలూ కలిపి అందించే రెండు ఎస్.యు. కార్బొరేటర్లు, గేర్‌బాక్సు అన్నీ ఉన్నాయి గానీ ఇంజను తిరగడం లేదు. కింద బాడీని మోసే ఇనుప చట్రం, అంటే ఛాసిస్ మాత్రం, పాత ఇంజనాయిలు పట్టి ఉన్నందువల్లనేమో, గట్టిగానే ఉంది.

ఇక్కడి టింకరింగు మేస్త్రి బాడీని వెంటనే ఛాసిస్ నుండి ఊడదీసి, నేలరేకు పోయినచోట ఫైబరు వేద్దామంటున్నారు. రాజమండ్రిలో మరొకరు పాత ఇంజను తీసేసి మారుతి ఇంజను పెడితే తలనొప్పి ఉండదంటున్నారు. కాగితాల విషయానికి వస్తే, మద్రాసు రిజిస్ట్రేషనుతో పెదనాన్నగారి పేరున ఉన్న ఆర్.సి. పుస్తకం దొరికింది గానీ దాని గడువు ఎప్పుడో తీరిపోయింది. మొదట ఏ పనికి చేయి వేయాలో అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

భీమవరం హెరాల్డ్:

రాజోలు వాసిగారికి నమస్కారం. నేను ఎక్కువగా పని చేసింది మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కార్ల మీద. స్పిట్‌ఫైర్ ఆ హెరాల్డుకు దగ్గరి చుట్టమే. రెండింటికీ రూపం గీసినవాడు ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి, ముందు సస్పెన్షను, స్టీరింగు ర్యాకు కూడా హెరాల్డు నుండి వచ్చినవే. అందుచేత మీకు కావలసిన కొన్ని భాగాలు చెన్నై పుదుప్పేటలోని పాత సామాను దుకాణాలలో ఓపికగా వెతికితే దొరికే అవకాశం ఉంది.

అయితే ఒక ముఖ్యమైన తేడాను మీ మేస్త్రిగారు గమనించినట్టు లేదు. హెరాల్డు ఛాసిస్‌కు పక్కల కూడా ఇనుప పట్టీలు ఉంటాయి. స్పిట్‌ఫైర్‌కు అవి తీసేసి, నడుమ వెన్నెముకలాంటి ఛాసిస్ ఒక్కటే ఉంచారు. ఆ పక్క బలమంతా తలుపుల కింది సిల్ డబ్బాలే మోస్తాయి. పైగా వెనక చక్రాలను ముందుకూ వెనకకూ కదలకుండా పట్టి ఉంచే రేడియస్ ఆర్ములు ఛాసిస్‌కు కాక, సీట్ల వెనక బాడీ రేకుకే బిగించి ఉంటాయి. అంటే ఈ కారులో బాడీ తుప్పు అందానికి సంబంధించిన లోపం కాదు, ప్రాణానికి సంబంధించినది. తలుపు పైమూల రాసుకుంటోందని మీరు రాశారు కదా, బాడీ నడుము దగ్గర ఇప్పటికే కిందికి కుంగిందనడానికి అదే గుర్తు. ఈ స్థితిలో బాడీని ఎత్తితే అది నడుము దగ్గర వంగిపోతుంది. అలా వంగినదానిని మళ్ళీ కొలతలకు తేవడం చాలా కష్టం.

కాబట్టి దేనినీ ఊడదీయకండి. మొదట తలుపు చుట్టూ సందు సమానంగా వచ్చేటట్టు చేసుకొని, ముందు స్తంభం నుండి వెనక స్తంభానికి తలుపు ఖాళీలో చదరపు ఇనుప గొట్టం అడ్డంగా పెట్టి వెల్డింగు చేయించండి. తరువాత ఒక వైపు సిల్ పూర్తిగా ముగిశాకే రెండో వైపు ముట్టుకోవాలి. సిల్ అంటే బయటి రేకు ఒక్కటే కాదు; లోపలి రేకు, రెండింటి నడుమ బలానికి పెట్టిన మరో రేకు, ఈ మూడూ కలిస్తేనే సిల్. చాలా చోట్ల తుప్పు మీదనే బయటి రేకు ఒకటి అతికించి, పుట్టీ పూసి, రంగు వేసి ఇచ్చేస్తారు. అది కంటికి ఇంపుగా ఉంటుంది, గోతిలో పడ్డప్పుడు విరుగుతుంది. ఈ మూడు రేకులూ ఇంగ్లండులో ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. కొలత తెలియని రేకును ఇక్కడ వంచి పెట్టడం కంటే వాటిని తెప్పించుకోవడమే మేలు.

ఫైబరు మాట అసలు వద్దు. మన రేవుల్లో బోట్లకు ఫైబరు పని చక్కగా చేసేవారున్నారు, వారి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ బోటు మొత్తం ఫైబరే. ఇక్కడ తుప్పు ఇనుము మీద ఫైబరు పరిస్తే చెమ్మ ఆ రెండింటి మధ్య చిక్కుకొని, మిగిలిన మంచి రేకును కూడా తినేస్తుంది.

ఇంజను గురించి. దీనిని స్టార్టరుతో గాని, గేరులో వేసి తోసిగాని తిప్పే ప్రయత్నం చేయకండి. ప్లగ్గులు తీసి, ఆటోమేటిక్ గేరు ఆయిలులో కొంత కిరోసిను కలిపి నాలుగు సిలిండర్లలో పోసి కొన్ని వారాలు నాననివ్వండి. ఇంజను పైనుండే రాకర్ కవరు తీసి వాల్వులు పట్టేశాయేమో చూడండి. పట్టేసి ఉంటే వాటిని తెరిచే కడ్డీలు, అంటే పుష్‌రాడ్లు తీసేయాలి, లేకపోతే అవి వంగిపోతాయి. ఆ తరువాత ముందు పుల్లీ నట్టుకు పానా పెట్టి అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలించాలి. ఇంజను వదులయ్యాక మరొక పరీక్ష ఉంది. ఒకరిని క్లచ్ తొక్కమని, మీరు ముందు పుల్లీని గమనించండి. పుల్లీ కంటికి తెలిసేటట్టు ముందుకు జరిగిందంటే ఇంజను ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్టును ముందుకూ వెనకకూ జరగకుండా ఆపే థ్రస్టు వాషర్లు అరిగాయని అర్థం. ఈ ఇంజన్లకు అది పేరుమోసిన బలహీనత. వాషరు జారి కింది ఆయిలు తొట్టిలో (సంపులో) పడితే క్రాంకూ బ్లాకూ రెండూ పాడవుతాయి.

చివరగా, ముందు చక్రాలు పక్కకు తిరగడానికి కింద ఆధారంగా ఉండే ట్రన్నియన్లు అనే కీళ్ళకు గ్రీజు కాదు, ఇ.పి. 90 గేరు ఆయిలు పెట్టాలి. మన దగ్గర హెరాల్డులకు అందరూ గ్రీజే కొట్టేవారు; అది లోపలి మర చుట్ల దాకా చేరక, తుప్పు పట్టి, చక్రాన్ని పట్టి ఉంచే నిలువు లింకు విరిగి, చక్రం పక్కకు పడిపోయిన హెరాల్డులను మా షాపుకు లాగించుకొచ్చేవారు.

కాకినాడ పాఠకుడు:

కాగితాల సంగతి నేను చెబుతాను. ఇంజను మార్చాలా వద్దా అన్నది కూడా దీనితోనే ముడిపడి ఉంది.

2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించి, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను వింటేజి వాహనాలుగా గుర్తించారు. అయితే ఛాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని మార్పులు చేసిన వాహనానికి ఆ గుర్తింపు వర్తించదు. మారుతి ఇంజను పెట్టిన రోజున మీరు ఆ అర్హతను చేజేతులా వదులుకున్నట్టే. ఇప్పటికే రిజిస్ట్రేషను ఉన్న వాహనం తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. కొత్తగా నమోదయ్యే వాటికి మాత్రం వి.ఎ. అక్షరాలతో నంబరు ఇస్తారు. దానికి రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు 10 ఏళ్ళు. వింటేజిగా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం పోయించడానికి, మరమ్మతులకు తప్ప రోజువారీ రాకపోకలకు వాడకూడదని గుర్తుంచుకోండి.

మీరు మొదట చేయవలసింది వారసత్వం కింద యాజమాన్యం మార్పించుకోవడం. దానికి ఫారం 31 ఉంటుంది. పెద్దమ్మగారి, వారి పిల్లల అంగీకారం ఇప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి. బండి మెరిసిన తరువాత అడగడం కంటే తుప్పుపట్టి ఉన్నప్పుడు అడగడం ఇంట్లో అందరికీ మంచిది. మద్రాసు రిజిస్ట్రేషను కాబట్టి అక్కడి కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం కూడా కావాలి.

బానెట్ ఎత్తితే కనిపించే కమిషన్ నంబరు (కారు తయారీ సంఖ్య) రేకును, ఇంజను మీది నంబరును ఫోటో తీసి పెట్టుకోండి. మార్క్ 3 అయితే రెండూ ఎఫ్.డి. అక్షరాలతో మొదలవ్వాలి. ఆ వివరాలతో ఇంగ్లండులోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియంకు రాస్తే, కారు ఏ తేదీన తయారైంది, అసలు రంగు ఏది, ఏ ఇంజనుతో బయటకు వచ్చిందన్న ధ్రువపత్రం రుసుము తీసుకొని పంపుతారు. రంగు నిర్ణయించే ముందే అది చేతిలో ఉండడం మంచిది.

పాలకొల్లు శ్రీను:

పెద్దలు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, ఒక్క విషయంలో నాది వేరే అభిప్రాయం. ఈ వానాకాలం గడిచేదాకా వెల్డింగు కూడా మొదలుపెట్టవద్దు. మన డెల్టాలో నేలనీరు పైపైనే ఉంటుంది. మట్టి నేల షెడ్డులో పై నుండి వాన పడకపోయినా కింద నుండి చెమ్మ ఎక్కుతూనే ఉంటుంది. దానికి తోడు మీకు ఉప్పు గాలి. ఇసుకకాగితంతో తోమి తెల్లగా తేల్చిన రేకు సాయంత్రం వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబారడం మనందరం చూసిందే. ముందు బండిని సిమెంటు నేల మీదకు చేర్చండి. దిమ్మలు బాడీకి కాక ఛాసిస్‌కు ఆనేటట్టు చూసి బండిని పైకి ఎత్తండి. టార్పాలిన్ తీసేసి, గాలి ఆడే నూలు దుప్పటి కప్పండి. ఎలుకల గూళ్ళు, తడిసిన కార్పెట్టు తీసి పారేయండి, కానీ సీటు కవర్లు, తలుపు పలకలు ఎంత చిరిగినా దాచండి, కొత్తవి కుట్టడానికి అవే నమూనా. రేకు పని, రంగు పని సంక్రాంతి తరువాత, గాలిలో తేమ తగ్గిన నెలల్లో పెట్టుకోండి. తోమిన రేకుకు ఆ పూటే ఎపాక్సీ ప్రైమరు పడాలి. రెడ్ ఆక్సైడు ఒక్కటే సరిపోదు.

బ్రేకు సిలిండర్లు, హోసులు అన్నీ కొత్తవి వేయక తప్పదు, అందులో లెక్కలు చూడకండి. పెట్రోలు గొట్టాలు కూడా ఇథనాలుకు తట్టుకునే రకం వేయించండి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న, 20 శాతం ఇథనాలు కలిసిన ఇ20 పెట్రోలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది.

రాజోలు వాసి:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మారుతి ఇంజను, ఫైబరు రెండూ మానుకున్నాను. పెద్దమ్మగారితో, మా అన్నయ్యతో మాట్లాడి అంగీకారపత్రం రాయించుకుంటున్నాము. బండిని మిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం పక్కనున్న గదిలోకి మార్చి, వాన వెలిశాక పని మొదలుపెడతాము. భీమవరం వారిని ఒక్కటి అడగాలి. తలుపు ఖాళీలో గొట్టాలు వెల్డింగు చేసేటప్పుడు కారు చక్రాల మీద నిలబడి ఉండాలా, దిమ్మల మీదా? ఇప్పటికే కుంగిన వైపును ఎలా పైకి తేవాలి?

భీమవరం హెరాల్డ్:

బాడీ ఛాసిస్‌కు బిగించి ఉండగానే, నాలుగు చక్రాల మీద, సమమైన సిమెంటు నేల మీద నిలిపి చేయాలి. టైర్లు గాలి నిలపకపోతే చక్రాల కింద ఒకే ఎత్తు చెక్కలు పెట్టండి. కుంగిన వైపు సిల్ కింద చిన్న జాకీ పెడితే తుప్పు రేకులోకి గుచ్చుకుపోతుంది గనుక, సిల్ పొడవునా ఒక మందపాటి చెక్క దూలం పరిచి, దాని కింద నడుమ భాగంలో జాకీ ఉంచి, తలుపు మూసి చూసుకుంటూ కొద్దికొద్దిగా ఎత్తండి. తలుపు రాసుకోకుండా మూసుకొని, పైనా కిందా సందు సమానమైన చోట ఆపి, తలుపును కీళ్ళతో సహా తీసి, గొట్టం వెల్డింగు చేయించాలి. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీసేయండి. పెట్రోలు ట్యాంకు సీట్ల వెనకే ఉంటుంది, దానిని తప్పకుండా బండి నుండి పూర్తిగా దించి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. మీరు రోజు చెబితే నేనే వస్తాను, చించినాడ వంతెన దాటితే మీ ఊరు మాకు దూరమేమీ కాదు. మీ మేస్త్రిగారిని కూడా ఉండమనండి, సిల్ లోపలి మూడు రేకులూ ఎక్కడ కలుస్తాయో ఆయనకు దగ్గరుండి చూపిస్తాను.